పానా బయటికి తీసే ముందు

విజయవాడ ఆటోనగర్‌లో లారీకి సంబంధించి దొరకని పని లేదు. ఇంజను విప్పేవాళ్లు, కమాను కట్టలు మార్చేవాళ్లు, బాడీ కట్టేవాళ్లు అక్కడే ఉంటారు. నేను వెతుక్కుంటూ వెళ్లింది మాత్రం దారిలో ఆగిపోయిన లారీల దగ్గరికి వెళ్లి పని చేసి వచ్చే ఒక షెడ్డుని. బండ్లు దూసుకుపోయే రోడ్డు మీద పడుకుని పానా తిప్పే మనుషులు తమ ప్రాణాలు ఎలా కాపాడుకుంటున్నారో దగ్గరుండి చూడాలనుకున్నాను.

2023 సెప్టెంబరులో జరిగిన రెండు ప్రమాదాలు నన్ను అక్కడికి పంపాయి. ఆ నెల 11న తమిళనాడులోని నాట్రంపల్లి దగ్గర పంచరై ఆగిన వ్యానులోంచి దిగి డివైడర్ మీద కూర్చున్న ఏడుగురు ఆడవాళ్లు, వెనక నుంచి లారీ వచ్చి వ్యాన్ని గుద్దడంతో చనిపోయారు. రెండు రోజులకే రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దగ్గర తెల్లవారుజామున యాత్రికుల బస్సు ఆగిపోయింది. అది బాగవుతుందని బస్సు వెనక నిలబడి ఎదురుచూస్తున్నవాళ్ల మీదికి లారీ దూసుకొచ్చింది. కనీసం 11 మంది పోయారు. అంతకు ముందు 2021 జూలైలో ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ దగ్గర కూడా ఇంతే. ఆగిన బస్సు ముందు పడుకున్న కూలీల్లో 18 మంది మళ్లీ లేవలేదు. ఈ మూడు చోట్లా బండికి వచ్చిన జబ్బు బాగుచేసుకోగలిగినదే. ఆ కాసేపు మనుషులు ఎక్కడ ఉన్నారన్నదే ప్రాణాల మీదికి తెచ్చింది.

షెడ్డు పెద్దమేస్త్రికి అరవై దాటాయి. కుర్రాళ్లందరికీ ఆయన ‘బాబాయ్’. వచ్చిన పని చెప్పగానే నన్ను లోపలికి తీసుకెళ్లి గోడ వారన ఉన్న సామాను చూపించారు. నారింజ రంగు కోన్లు, మెరిసే ఎర్ర త్రికోణాలు, రిఫ్లెక్టర్ జాకెట్లు, ఏటవాలుగా కోసిన చెక్క దిమ్మలు, తలకి కట్టుకునే లైట్లు. పానాల పెట్టె వాటి వెనక ఉంది.

“ఇవన్నీ బండెక్కాకే పానాల పెట్టె ఎక్కాలమ్మా. ఏది మర్చిపోయినా వెనక్కి రావాల్సిందే,” అన్నారు.

ఆ మధ్యాహ్నమే ఫోను వచ్చింది. గన్నవరం దాటాక హనుమాన్ జంక్షన్ వైపు, 16వ నంబరు జాతీయ రహదారి మీద చేపల మేత లోడుతో వెళ్తున్న లారీ ఆగిపోయిందట. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ విరిగింది. మేస్త్రి అడిగిన మొదటి ప్రశ్న లారీ ఏ కంపెనీదని కాదు. “బండి మార్జిన్‌లోకి వచ్చిందా, రోడ్డు మీదే ఉందా?” రెండోది, “నువ్విప్పుడు ఎక్కడున్నావు?” అవతల డ్రైవరు లారీ కిందున్నానని చెప్పినట్టున్నాడు. “ముందు బయటికి రా. రోడ్డుకి ఎడం పక్కన, రెయిలింగ్ అవతలికి వెళ్లి నిలబడు. క్లీనర్నీ తీసుకెళ్లు,” అని గట్టిగా చెప్పి, అతను బయటికొచ్చానని చెప్పేదాకా ఫోను పెట్టలేదు.

మేం వెళ్లేసరికి లారీ సగం మార్జిన్‌లో, సగం వాహనాలు నడిచే వరసలో ఉంది. దాని వెనక పది పదిహేను అడుగుల్లో రాళ్లు పేర్చి, వాటి మధ్య వేపకొమ్మ గుచ్చారు. మన రోడ్ల మీద ఎవరికైనా అలవాటైన గుర్తే అది. అదే ఎందుకు చాలదో మేస్త్రి అక్కడే లెక్క కట్టి చెప్పారు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు వచ్చేస్తుంది. డ్రైవరు చూసి, అదేమిటో పోల్చుకుని, కాలు బ్రేకు మీదికి తెచ్చేలోపే ముప్పై మీటర్లు పోతాయి. లోడు లారీ ఆగడానికి ఆ పైన ఇంకో యాభై, అరవై మీటర్లు కావాలి. వాన పడితే అదీ చాలదు. పది పదిహేను అడుగుల్లో పెట్టిన కొమ్మ కనిపించేసరికి చేయగలిగిందేమీ మిగలదు.

మా బండిని లారీకి చాలా వెనకే, నాలుగు ఇండికేటర్లూ వేసి ఆపారు. ఒక కుర్రాడు జాకెట్ తొడుక్కుని కోన్లు చంకన పెట్టుకుని వెనక్కి నడిచాడు. రోడ్డు మీద కాదు, మార్జిన్ చివరి అంచున, ఎదురొచ్చే బండ్లని చూసుకుంటూ. వంద మీటర్లు దాటాక త్రికోణం నిలబెట్టి, అక్కడి నుంచి లారీ వైపు వస్తూ కోన్లని కొద్దికొద్దిగా రోడ్డు లోపలికి జరుపుకుంటూ పెట్టాడు. వచ్చే డ్రైవరుకి పక్క వరసలోకి తప్పుకోమని ముందే తెలియడానికి ఆ ఏటవాలు వరస. మలుపు ఉంటేనో, వంతెన దిగువనో అయితే త్రికోణం మలుపుకి ముందే, వంతెన ఎక్కకముందే పెట్టాలని ఆ కుర్రాడే నాకు చెప్పాడు. వాడికి పట్టుమని ఇరవై ఏళ్లుంటాయేమో. కోన్లు పెట్టేటప్పుడు ఒక్కసారి కూడా వచ్చే బండ్లకి వీపు చూపించలేదు.

అప్పుడు లారీ దగ్గరికి వెళ్లారు. వెళ్లగానే చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టారు. ఇది ఎందుకంత ముఖ్యమో నాకు అంతకు ముందు తెలియదు. షాఫ్ట్ క్రాస్ విరిగిందంటే ఇంజనుకీ వెనక చక్రాలకీ సంబంధం తెగినట్టే. గేరులో వేసి వదిలేసినా అది బండిని పట్టి ఉంచదు. ఎయిర్ బ్రేకుల లారీల్లో గాలి అయిపోతే స్ప్రింగులే బ్రేకులు పట్టేస్తాయి. కానీ బండిని లాక్కెళ్లాలంటే ఆ స్ప్రింగుని బోల్టుతో వెనక్కి లాగి బ్రేకు వదిలించాలి. వదిలిన క్షణం నుంచి ఆ లారీకి బ్రేకు లేదు. రోడ్డు కంటికి చదునుగా కనిపించినా కొద్దిపాటి వాలు చాలు. కింద మనిషి ఉండగా చక్రం పావు వంతు తిరిగినా ఆ మనిషి మిగలడు. జాకీ విషయమూ అంతే. అది బండిని ఎత్తడానికే, మోస్తూ ఉండడానికి కాదు. ఎత్తాక స్టాండో, గట్టి చెక్క దిమ్మలో పెట్టి, బరువు వాటి మీదికి దించాకే కిందికి దూరాలి. మెత్తని మట్టి మార్జిన్‌లో జాకీ దిగబడిపోతుంది కాబట్టి కింద వెడల్పాటి పలక వెయ్యాలి.

ముందు లారీని క్రేన్‌తో పక్కకి లాగాలని మేస్త్రి అనడంతో, ఈలోగా లారీ యజమాని ఫోన్లో ఆయనతో వాదనకి దిగాడు. క్రేన్ ఎందుకు, ఖర్చు, ఆలస్యం, అక్కడే క్రాస్ మార్చేయమంటాడు. మేస్త్రి గొంతు పెంచలేదు.

“బాబూ, బండి సగం రోడ్డు మీద ఉంది. కింద పడుకోవాల్సింది మా పిల్లాడు. పక్కకి లాగాకే చేస్తాం. కుదరదంటే ఇంకెవరినైనా పిలిపించుకోండి,” అన్నారు.

రోడ్డు పక్క భద్రత గురించి ఎన్ని చెప్పుకున్నా అసలు ముడి ఇక్కడే ఉందని నాకనిపించింది. మెకానిక్‌కి తెలియక కాదు. తెలిసీ కాదనలేకపోవడం. అన్నం పెట్టే గిరాకీ పోతుందన్న భయం. ఆ మాట అనగలిగిన మేస్త్రి రాష్ట్రం మొత్తం మీద ఎంతమంది ఉంటారు?

డ్రైవరుకి ఇంకో భయం ఉంది. రోడ్డుకి అడ్డంగా ఉన్నందుకు పోలీసులు జరిమానా వేస్తారని. ఆ కంగారులోనే ముందుగా అతనే కిందికి దూరాడు. మోటారు వాహనాల చట్టం 201వ సెక్షన్ కింద అడ్డంకి కలిగిస్తే జరిమానా ఉన్న మాట నిజమే. అయితే అనుకోకుండా చెడిపోయి, తీసే ప్రయత్నంలో ఉన్న బండికి అది వర్తించదు. ఈ సంగతి ప్రతి లారీ యూనియన్ ఆఫీసు గోడ మీదా రాసిపెట్టాలి.

1033కి ఫోను చేశారు. జాతీయ రహదారుల సహాయ నంబరు అది. పెట్రోలింగ్ బండి వచ్చింది, కాస్త ఆలస్యంగా క్రేను వచ్చింది. లారీని దగ్గర్లోని పెట్రోలు బంకు పక్క ఖాళీ జాగాలోకి లాగారు. లాగేటప్పుడు మేస్త్రి చుట్టూ చేరినవాళ్లందరినీ దూరంగా తోలేశారు. బిగిసిన వైరు రోప్ తెగితే కొరడాలా తిరిగొస్తుంది. దాని వరసలో ఎవరున్నా కాళ్లు తెగుతాయి. జనం చేరడంలో ఇంకో ప్రమాదమూ ఉంది. 2023 జూలైలో అహ్మదాబాద్‌లోని ఇస్కాన్ వంతెన మీద ఒక ప్రమాదం దగ్గర గుమిగూడినవాళ్ల మీదికి ఇంకో కారు వేగంగా వచ్చి పడి తొమ్మిది మంది చనిపోయారు. సాయం చేయడానికి వచ్చిన పోలీసు కానిస్టేబులూ అందులో ఉన్నారు.

బంకు పక్కకి చేరాక కొత్త క్రాస్ ఎక్కించడానికి పెద్దగా సేపు పట్టలేదు. కోన్లు తీసినప్పుడు కుర్రాడు చేసిన ఇంకో పని నాకు నచ్చింది. డ్రైవరు పేర్చిన రాళ్లన్నీ ఏరి దూరంగా పొదల్లోకి విసిరాడు. బండి వెళ్లిపోయాక రోడ్డు మీద మిగిలే ఆ రాళ్ల మీదికి రాత్రి పూట ఎక్కి పడేది స్కూటర్ల మీద వెళ్లేవాళ్లే. ఆగిన లారీకి రక్షణగా పెట్టిన రాయి ఇంకొకరి చావుకి కారణం కావడం నేను క్షమించలేని నిర్లక్ష్యం.

తిరిగొచ్చాక మేస్త్రి నన్ను దగ్గర్లోని పంచరు షాపుకి తీసుకెళ్లారు. అక్కడ ఇరవై అంగుళాల పాత రకం చక్రానికి గాలి పడుతున్నారు. ట్యూబు టైరు, విడిగా బిగించే లాక్ రింగు. లారీ టైరులో గాలి వంద పౌన్లు దాటుతుంది. తుప్పు పట్టిన రింగు గాడిలో సరిగ్గా కూర్చోకపోతే ఆ గాలి దాన్ని తూటాలా విసిరేస్తుంది. ఎదురుగా వంగి చూస్తున్నవాడి ముఖం, ఛాతీ పగిలిపోతాయి. ఆ షాపులో చక్రాన్ని ఇనుప చట్రంలో పెట్టి, పొడవాటి గొట్టంతో, పక్కకి నిలబడి గాలి కొట్టారు. చట్రం లేని చోట, రోడ్డు పక్కన, రింగు మీద కాలు పెట్టి సుత్తితో కొడుతూ గాలి పట్టడం మాత్రం మన ఊళ్లన్నిటా చూస్తాం. గాలి ఉన్న రింగు మీద సుత్తి పడకూడదు. ముందు గాలి పూర్తిగా తీసేసి, వాల్వు పిన్ను బయటికి లాగాకే రింగుని ముట్టుకోవాలి. ట్యూబు లేని టైర్లు, ఒకే ముక్క చక్రాలు వస్తున్న కొద్దీ ఈ ప్రమాదం తగ్గుతుంది గానీ, పాత లారీలు మన పల్లె రోడ్ల మీద ఇంకా చాలాకాలం తిరుగుతాయి.

టిప్పర్ల సంగతీ అడిగాను. బాడీ లేపి ఉంచి దాని కిందికి దూరేవాళ్లు హైడ్రాలిక్ పైపు ఒక్కటి పగిలితే చాలు, నలిగిపోతారు. అడ్డు కమ్మీ పెట్టకుండా తన మనుషులెవరూ కిందికి దూరరని మేస్త్రి చెప్పారు.

వచ్చేముందు ఆయన్ని ఒకటే అడిగాను, బండి యజమానులకి ఏం చెప్పమంటారని. కాసేపు ఆలోచించి, “క్రేన్ అడిగితే కాదనొద్దని చెప్పండమ్మా. జాకెట్లు మేం కొనుక్కుంటాం,” అన్నారు.

జాకెట్లు కూడా వాళ్లే ఎందుకు కొనుక్కోవాలి? లారీల యజమానులు, ట్రావెల్స్ వాళ్లు, కారున్న ప్రతి ఒక్కరూ త్రికోణాన్ని, రెండు దిమ్మల్ని, రెండు రిఫ్లెక్టర్ జాకెట్లని స్టెప్నీతో పాటే బండిలో ఉంచండి. ఒకటి మీకు, ఒకటి మీకోసం వచ్చే మెకానిక్‌కి. 1033 నంబరు ఇప్పుడే మీ ఫోనులో వేసుకోండి. బండి ఆగితే ముందు పిల్లల్ని, పెద్దవాళ్లని రెయిలింగ్ అవతలికి దింపండి. డివైడర్ మీద, బండి ముందు, బండి వెనక ఎవరినీ కూర్చోనివ్వకండి. మెకానిక్ “ఇక్కడ చేయను, పక్కకి లాగాలి” అంటే ఆ మాట వినండి. క్రేన్ ఖర్చు మీరు భరించండి.