పాత విలాసం

మా ప్రాంతంలో విలాసాలు మారడం కొత్తేమీ కాదు. 1911లో చిత్తూరు వేరే జిల్లా అయిన తరువాత ఉత్తర ఆర్కాటుకు వేలూరు ముఖ్యపట్టణమైంది. 2019లో ఆ వేలూరు జిల్లానూ మూడు చేసి రాణిపేట, తిరుపత్తూరు విడదీశారు. గుడియాత్తం మాత్రం వేలూరులోనే నిలిచింది. జిల్లా పేరు తప్పు రాసినా తపాలా ఆయన మనిషిని ఎరిగినవాడు గనుక ఉత్తరం ఎలాగో చేరుస్తాడు. యంత్రాలకు ఆ దాక్షిణ్యం లేదని ఈమధ్యనే మాకు తెలిసివచ్చింది.

మాది లుంగీల వ్యాపారం. నేత గుడియాత్తంలో, లెక్కలు వేలూరులో. వేలూరు గదిలో రెండు కంప్యూటర్లున్నాయి. వాటిమీద ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేరు నడుస్తుంది. వియన్నా నగరం వారిది. 2008 నుంచీ ఉన్నది. ఒకే యంత్రంలో నాలుగైదు యంత్రాలున్నట్టు నడిపిస్తుంది. ఇల్లుగలాయన ఇంటిని వాటాలు చేసి అద్దెకిచ్చినట్టన్నమాట. ఒక వాటాలో కూలి లెక్కలు, ఇంకో వాటాలో సరుకు లెక్కలు.

రెండు ఊళ్లనూ ఇంటర్నెట్టు ద్వారా కలుపుదామనుకునేసరికి చిక్కు వచ్చింది. అక్కడా ఇక్కడా నెట్‌వర్కు నంబర్లు 192.168.1తోనే మొదలవుతున్నాయి. రెండు వీధుల్లో ఒకే ఇంటినంబరు ఉంటే ఉత్తరం ఎటు పోవాలి? వేలూరు నంబర్లు మార్చక తప్పలేదు. ఒక గురువారం రాత్రి ముందు వాటాలవారివి, తరువాత ఇంటివారివి మార్చి, పని అయిందని కాఫీ తాగాం.

తిరిగివచ్చి చూస్తే యాజమాన్యపు తెరమీద రెండో కంప్యూటరు పక్కన ఎర్రగుర్తు. ఏది నొక్కినా కోరం లేదని జవాబు. సంఘం సమావేశాలకు వెళ్లే చదువరులకు ఈ మాట కొత్తగాదు. సభ్యులు ఇద్దరే అయినప్పుడు ఒకరు రాకపోతే తీర్మానం జరగదు. ఈ యంత్రాలదీ అదే నిబంధన. ఒకదానికొకటి కనబడకపోతే ఏదీ మార్చనివ్వవు, ఆగిన వాటాను తిరిగి తెరవనివ్వవు.

శనివారం నేతగాళ్లకు కూలి ఇవ్వాలి. మా మేనల్లుడు తొందరపడ్డాడు.

“మామా, రెండూ ఆర్పి మళ్లీ వేస్తే సరిపోతుంది.”

మేమూ ఊఁ అన్నాం. ఇంతలో గుడియాత్తం నుంచి మా గుమాస్తా పెద్దాయన ఫోను. ఇరవై ఏళ్లుగా చిట్టా రాస్తున్నవాడు, కంప్యూటరంటే నేటికీ నమ్మకం లేదు.

“అయ్యా, కూలి లెక్క తెరుచుకుంటా ఉండాది. తమరేమో చెడిపోయిందంటారు. చెడింది ఏదయ్యా?”

మేము నోరు మూసుకున్నాం. చెడింది వాటా కాదు, ఇంటివారి మధ్య మాట. లోపలివారు సుఖంగానే ఉన్నారు. ఆ క్షణాన ఆర్పి వేసివుంటే, కోరం లేక కూలి లెక్కల వాటా తిరిగి లేచేదే కాదు! ముందు లోపలి నుంచే లెక్కల నకలు వేరే డిస్కులోకి తీసుకొని, అప్పుడు వెతకడం మొదలుపెట్టాం.

నంబరుతో పిలిస్తే రెండో యంత్రం పలికింది. పేరుతో పిలిస్తే పలకలేదు. అదే ఆచూకీ. హోస్ట్స్ అనే చిన్న ఫైలులో పేరు పక్కన పాత నంబరే ఉన్నది. అది దిద్దాం. అయినా ఎర్రగుర్తు పోలేదు. యంత్రాల జంటను కట్టిపెట్టే కోరోసింక్ ఫైలులోనూ పాత విలాసమే. దాన్ని దిద్దబోతే, కోరం లేదు గనుక దిద్దనివ్వదు! తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకున్నట్టయింది. చివరకు రెండుచోట్లా ఆ సేవలను ఆపి, అమరికల ఫైళ్లను ఒంటరి పద్ధతిలో తెరిచి, కొత్త నంబర్లు రాసి, సంచిక సంఖ్య ఒకటి పెంచాం. పెంచకపోతే ఏది కొత్త ప్రతో యంత్రానికి తెలియదు. వాటాలు ఆపనవసరం లేకపోయింది. తిరిగి నడిపించగా ఎర్రగుర్తు పచ్చనైంది. అప్పటికి తెల్లవారుజామున మూడు.

బ్రౌజరు ఇంకా అనుమానపడింది. పాత ధ్రువపత్రంలో పాత నంబరు ఉన్నందుకు. కొత్త పత్రం రాయించగానే అదీ తీరింది. శనివారం సాయంత్రం గుడియాత్తంలో కూలి అందరికీ అందింది. పెద్దాయన మాత్రం చేతిచిట్టాతో సరిచూసుకొనే ఇచ్చాడు.

మరుసటి గురువారం మేనల్లుడు మొహం వేలాడేసుకొని వచ్చాడు.

“మామా, రోజూ రాత్రి నకలు తీసే పెట్టె సంగతి మరిచాం. దాని నంబరూ మారింది గదా. ఆరు రాత్రులుగా యంత్రం పాత గుమ్మమే తడుతోంది.”