చక్రాల ఇంటి కప్పుకో కిటికీ!

జులైలో ఆ ఊరెళితే రోడ్డుమీద పలకరించే మనిషి కనిపించడు. జనవరిలో వెళితే బండి నిలుపుకోవడానికి చోటు వెతుక్కోవాలి. అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో, కాలిఫోర్నియా సరిహద్దుకి ముప్ఫై కిలోమీటర్ల దూరంలో, ఎడారి నడిబొడ్డున ఉంటుంది క్వార్ట్‌జ్‌సైట్. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం 2,400 చిల్లర. మన దగ్గరైతే చిన్న పంచాయతీ. కానీ చలికాలం వచ్చిందంటే చాలు, ఆ పల్లె చుట్టూ జాతరే. సీజను మొత్తమ్మీద వచ్చిపోయేవాళ్ల లెక్క లక్షల్లో ఉంటుంది. వాళ్లెవరూ లాడ్జీల్లో దిగరు. ఎవరిల్లు వాళ్లే వెంటబెట్టుకుని వస్తారు!

బస్సంత మోటారుహోములు, జీపు వెనక తగిలించుకొచ్చిన ట్రెయిలర్లు, పాత డెలివరీ వ్యాన్లు, ఆఖరికి సీట్లు పీకేసిన స్కూలు బస్సులు... కనుచూపుమేరా అవే. కెనడా నుంచీ అమెరికా ఉత్తరాది రాష్ట్రాల నుంచీ మంచును తప్పించుకుని వచ్చే ఈ పెద్దవయసు జనాన్ని అక్కడివాళ్లు ముద్దుగా ‘స్నోబర్డ్స్’ అంటారు. కొల్లేటికీ నేలపట్టుకీ వచ్చే వలస పక్షుల్లాంటివాళ్లే మరి.

వాళ్లు దిగే నేల ప్రభుత్వానిది. ఊరికి దక్షిణాన లా పోసా అనే చోట 11,400 ఎకరాల ఎడారిని ఇందుకోసమే వదిలేశారు. 1983లో మొదలైన పద్ధతి ఇది. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా, ఏడు నెలలు ఉండటానికి 2020లో తీసుకున్న రుసుము 180 డాలర్లు. అమెరికాలో చాలా నగరాల్లో ఆ డబ్బుకి రెండ్రాత్రులు హోటలు గది దొరకడమే గగనం. కాకపోతే విడిదిచోట కరెంటు ఉండదు, కుళాయి ఉండదు. ఎవరి నీళ్లు వాళ్లే మోసుకోవాలి, ఎవరి కరెంటు వాళ్లే ఎండ నుంచి పుట్టించుకోవాలి.

ఊళ్లో చూసి తీరాల్సింది ఒక సమాధి. పిరమిడ్ ఆకారంలో రాళ్లు పేర్చి, పైన రాగి ఒంటెబొమ్మ నిలిపారు. 1856లో అమెరికా సైన్యం ఎడారి రవాణా కోసం ఒంటెలను తెప్పించినప్పుడు వాటితోపాటు ఓడ దిగిన హాజీ అలీది ఆ సమాధి. ఆ పేరు అమెరికన్ల నోట ‘హై జాలీ’ అయిపోయింది. ఒంటెల ప్రయోగం విఫలమైనా ఆయన వెనక్కి వెళ్లలేదు. 1902లో ఇక్కడే కన్నుమూశాడు. 1935లో స్మారకం కట్టారు. ఇల్లు వదిలి వచ్చిన మొట్టమొదటి సంచారి అని ఇప్పటి వ్యానువాసులు ఆయన్ని తమలో కలిపేసుకున్నా తప్పులేదు.

ఆ వ్యానువాసుల్లో అందరూ సరదాకి వచ్చినవాళ్లు కారు. 2008 ఆర్థిక మాంద్యంలో ఇల్లూ ఉద్యోగమూ పోగొట్టుకుని, చేతికొచ్చే పింఛను అద్దెకే చాలక, వ్యానునే ఇల్లు చేసుకున్న అరవయ్యేళ్లవాళ్లు ఎందరో. వాళ్లకోసం బాబ్ వెల్స్ అనే ఆయన ఈ ఎడారిలో ‘రబ్బర్ ట్రాంప్ రాండెవూ’ పేరుతో ఏటా ఓ కలయిక మొదలుపెట్టాడు. తనూ 1990ల్లో విడాకుల తర్వాత డబ్బు చాలక వ్యానులోకి మారినవాడే. కొద్దిమందితో మొదలైన ఆ కలయికకి 2019 నాటికి వేలమంది రావడం మొదలైంది. జెస్సికా బ్రూడర్ 2017లో రాసిన ‘నోమాడ్‌ల్యాండ్’ పుస్తకం వీళ్లగురించే. దాని ఆధారంగా క్లోయీ జావ్ తీసిన సినిమాకి 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది.

ఇక ఒక్కసారి ఆ బళ్ల నెత్తిన చూడండి. లక్షల డాలర్ల మోటారుహోము కానివ్వండి, తుప్పుపట్టిన వ్యాను కానివ్వండి... కప్పుమీద ఓ చతురస్రపు డబ్బా ఉంటుంది. అదే ఆ ఇంటి ముక్కు!

ఎందుకది? రేకుపెట్టెలో కాపురం కదా. బయట 22 డిగ్రీలే ఉన్నా తలుపులు బిగించిన కారులో గంటలో 40 దాటిపోతుందని అమెరికా పరిశోధకులు 2005లోనే కొలిచి చూపించారు. క్వార్ట్‌జ్‌సైట్‌లో జనవరి మధ్యాహ్నం ఉండేది ఇంచుమించు ఆ వేడే. సరుకులకి వెళ్లొచ్చేలోగా లోపలున్న కుక్కపిల్ల ప్రాణం మీదికి వస్తుంది. ఒంటరి ముసలివాళ్లకి చాలాసార్లు ఆ కుక్కపిల్లే కుటుంబం.

రాత్రయితే ఇంకో తంటా. ఎడారి చలికి కిటికీలు మూసి, గ్యాస్ హీటరు వెలిగిస్తారు. కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. నిద్రలో మనుషులు వదిలే ఊపిరి తేమ దీనికి తోడు. పొద్దున్నే లేచేసరికి కప్పునుంచి చుక్కలు రాలతాయి. పరుపు కింద బూజు, రేకు లోపల తుప్పు. చల్లటి దేశంలో ఇల్లు పాడుచేసేది వాన అనుకుంటాం గానీ, చక్రాల ఇంటిని లోపలి ఊపిరే పాడుచేస్తుంది. అదే వ్యానులో మన మిరపకాయల పోపు పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు... ఇంటిల్లిపాదీ దగ్గుతూ ఎడారిలో నిలబడాల్సిందే!

పాత పెంకుటిళ్ల వంటింటికి కప్పులో పొగగూడు వదిలేవాళ్లు గుర్తుందా? సూత్రం అదే. వేడిగాలి పైకే వస్తుంది కాబట్టి పైనే దారివ్వాలి. దానికో పంకా బిగించి, ఒక కిటికీ రెండంగుళాలు తెరిచి ఉంచితే చల్లగాలి అటునుంచి వచ్చి, వేడీ తేమా పైనుంచి పోతాయి. కిటికీ తెరవడం మరిచిపోతే మాత్రం ప్రమాదం. బయటికి లాగే పంకా లోపల గాలి చాలక, హీటరు గొట్టం నుంచి పోవాల్సిన విషవాయువును వెనక్కి పీల్చే అవకాశం ఉంది. అందుకే కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా ఆ ఇళ్లలో పడుకోకూడదంటారు.

పంకా కొనడం తేలికే. ఫ్యాంటాస్టిక్ వెంట్, మాక్స్‌ఫ్యాన్ లాంటివి పేరున్న రకాలు. ఏ కంపెనీదైనా దాదాపు అన్నింటికీ కావాల్సిన కంత ఒకటే కొలత... పద్నాలుగు అంగుళాల చదరం. కష్టమంతా ఆ కంత దగ్గరే ఉంది. ఉన్న ఒక్క ఇంటికి, చేజేతులా కప్పుమీద రంపం పెట్టాలి! తప్పుగా కోస్తే అతికించడానికి ఇంకో రేకు లేదు. ఇంకో ఇల్లూ లేదు.

అందుకే అనుభవజ్ఞులు సగం రోజు కొలవడానికే ఖర్చుపెడతారు. కప్పు కింద అడ్డంగా పోయే ఇనుపకమ్ములు తెగకుండా వాటి మధ్యన చోటు చూస్తారు. అట్టముక్కను పంకా కొలతకు కత్తిరించి పైన అతికిస్తారు. చుట్టూ కాగితపు టేపు వేసి, నాలుగు మూలలా డ్రిల్లుతో బెజ్జాలు పెట్టి, వాటినుంచి జిగ్‌సా రంపం నడుపుతారు. కింద ప్లాస్టిక్ సంచి కడతారు. ఇనుపరజను పరుపుమీద పడుతుందని మాత్రమే కాదు, కప్పుమీద ఉండిపోయిన ఒక్కో రేణువూ తడి తగలగానే తుప్పుమచ్చగా మారుతుంది. కోసిన అంచును ఆకురాయితో నున్నచేసి, తుప్పు పట్టకుండా రంగు వేశాకే పంకా చట్రం ఎక్కేది.

చట్రం కింద జిగురుముద్దలాంటి బ్యుటైల్ టేపు, లోపలివైపు మరలకు పట్టు కోసం చెక్కపట్టీ. మరలను ఒక పక్కనుంచి వరసగా కాకుండా ఎదురెదురు మూలల్లో కొద్దికొద్దిగా బిగించాలి. పైన దానంతటదే సర్దుకుని పరుచుకునే సీలెంటుతో ప్రతి మర తలా కప్పెయ్యాలి. వ్యాను కప్పులకు గాడులుంటాయి కాబట్టి అక్కడ సందులు పూడ్చడం మరీ ఓపిక పని. మోటారుహోముల్లో చాలావాటికి చెక్కమీద రబ్బరు పొర కప్పి ఉంటుంది. అక్కడ చుక్క నీరు దిగినా కనిపించదు. కనిపించేసరికి చెక్క మెత్తబడిపోయి ఉంటుంది.

కరెంటు ఖర్చు చూస్తే ముచ్చటేస్తుంది. పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద, పూర్తి వేగంలో తిప్పినా లాగేది నాలుగైదు ఆంపియర్లు. నెమ్మదిగా తిప్పితే ఒక ఆంపియరు కూడా ఉండదు. కప్పుమీద ఏసీకి వెయ్యిన్నర వాట్లకు అటూఇటూగా కావాలి. అందుకే ఒక సోలారు పలకా ఒక బ్యాటరీ ఉన్న పేదవ్యానులో కూడా రాత్రంతా పంకా తిరుగుతూనే ఉంటుంది.

రంపం లేనివాళ్లకి పక్క బండివాళ్లు ఇస్తారు. నిచ్చెన ఎవరిదో, డ్రిల్లు ఎవరిదో, కింద సంచి పట్టుకునేది మరెవరో. ఎడారిలో ఇదంతా మామూలే.

ఇక్కడ ఏడాదిలో పడే వాన వంద మిల్లీమీటర్లకు అటూఇటూగానే కాబట్టి తప్పు చేసినా వెంటనే తెలీదు. పైగా ఆరిజోనా ఎండకి సీలెంటు పగుళ్లిస్తుంది. ఏడాదికి రెండుసార్లు నిచ్చెనెక్కి చూసుకోవడం తప్పదు. మార్చి నెలాఖరుకి మధ్యాహ్నాలు 30 డిగ్రీలకు చేరతాయి. జులైలో 42 దాటతాయి. అప్పుడు పంకా లాగేది కూడా నిప్పుగాలే. దాని బలం అంతవరకే. ఏప్రిల్ మొదటివారం నుంచే నిచ్చెనలు దిగి, కప్పుమూతలు బిగించి, ఒక్కొక్క బండీ ఉత్తరానికి మళ్లుతుంది. డబ్బున్నవాళ్లు సొంత ఊళ్లకి. లేనివాళ్లు అదే రాష్ట్రంలో, సముద్రమట్టానికి 2,100 మీటర్ల ఎత్తున చల్లగా ఉండే ఫ్లాగ్‌స్టాఫ్ చుట్టుపక్కల పైన్ అడవుల్లోకి.