వాడ ముచ్చట్లు – 17: సెన్సర్

మార్చి నెల. మిర్చి సీజన్. ఎనుమాముల మార్కెట్ లైన్ల ఉండాల్సిన పికప్ మడికొండల మా ఇంటి ముందల ఆగి ఉంది.

బండి మా చిన్నాయన కొడుకుది. దళితబంధుల వచ్చింది. 2021 ఆగస్టుల హుజూరాబాద్‌ల మొదలైన పథకం, కుటుంబానికి 10 లక్షలు, బ్యాంకు లోను లేదు. ఆ పథకం మీద నా తగాదాలు నాకున్నయి, పాత పోస్టుల్ల రాసిన. ఇయ్యాల ముచ్చట అది కాదు.

ఇరవై కిలోమీటర్లు పోంగనే బండి బందైతది. అరగంట ఆగితే మళ్ల స్టార్టయితది. ఒక మెకానిక్ డీజిల్ ఫిల్టర్ మార్చిండు. ఇంకొకాయన పంపు పోయిందన్నడు. ఆఖరికి ఒక షోరూంకు తీస్కపోతే, అక్కడి మనిషి కాయితాలు చూసి "దళితబంధు బండా?" అని నవ్విండట. "ఫ్రీగ వచ్చినయి ఇట్లనే వాడుతరు" అన్నడట. వైరింగ్ మొత్తం మార్చాలె, 18 వేలు, నాలుగు రోజులు పడతది అని రాసిచ్చిండు. తమ్ముడు ఆ కాయితం నా చేతుల పెట్టి "పైసల సంగతి తర్వాతనే అన్నా, ఆ మాట..." అని ఊకున్నడు.

నేను మెకానిక్‌ను కాదు. మా విద్యార్థి సంఘంల ఐటీఐ డీజిల్ మెకానిక్ చదివే పిలగాడున్నడు, వాణ్ని పిలిచిన. వాడు బానెట్ ముట్టకముందే తమ్ముణ్ని అడిగిండు: "అన్నా, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్పీఎం ముల్లు కదులుతదా?" బండి వేడి చేసి, ఆగినంక కొట్టి చూసినం. ముల్లు కొంచెం కూడ లేవలే. రెండు వారాలసంది ఆ ముల్లు మా కండ్ల ముందలనే ఉంది.

స్టీరింగ్ కింద ప్లగ్గుల వేలంత బ్లూటూత్ డబ్బా పెట్టి ఫోన్ల చూసిండు. పి0335. క్రాంక్ సెన్సర్ సర్క్యూట్. ఇంజన్ తిరిగే ఇరుసుకు పండ్ల చక్రం ఉంటది, ఒక్క తావున పండ్లు ఉండయి. సెన్సర్ ఆ పండ్లను, ఆ ఖాళీని లెక్కవెట్టి పిస్టన్లు ఎక్కడున్నయో కంప్యూటర్‌కు చెప్తది. ఆ కబురు రాకపోతే కంప్యూటర్ డీజిల్ కొట్టనియ్యదు. సెన్సర్ లోపల సన్నటి రాగితీగె చుట్ట ఉంటది, అది పాడైతే వేడికి తెగుతది, సల్లారితే మళ్ల కలుస్తది. అందుకే ఆ అరగంట.

"కోడ్ వచ్చిందని సామాను కొనద్దన్నా, వైరు గూడ కావచ్చు" అన్నడు. వైరు ఎక్కడన్న ఒరుసుకుందా, ప్లగ్గుల నూనె చేరిందా అని చూసిండు. మీటర్ పెట్టి వేడి మీద సెన్సర్ చూస్తే తెగినట్టు, సల్లారినంక చూస్తే మంచిగున్నట్టు. అప్పుడు పోయి పదిహేను వందలకు కొత్తది తెచ్చినం.

ఇంజన్ సల్లారినంక బ్యాటరీ మైనస్ తీసి, గోనెసంచి పరుసుకొని కిందికి దూరినం. ఇంజన్‌కు గేర్‌బాక్స్ కలిసే కాడ, ఒక్కటే పది నంబర్ బోల్టు. మన్ను పట్టి బిగుసుకుంది, దానికే అరగంట. పాత సెన్సర్‌ను స్క్రూడ్రైవర్‌తోని పొడిచి లేపద్దు, అటిటు తిప్పుకుంట గుంజాలె. కొత్తదాని కొనకు అయస్కాంతం ఉంటది, ఇనుప రజను అంటకుంట చూసుకోవాలె. చేత్తోనే లోపలికి నొక్కాలె, బోల్టు బిగిచ్చి దింపితే పలుగుతది. రబ్బరు రింగుకు ఇంజన్ ఆయిల్ చుక్క రాయాలె.

ఆ చుక్క రాసేటప్పుడు మా తాత యాదికొచ్చిండు. తాత మోట కుట్టేటోడు. సున్నంల నానవెట్టి బొచ్చు తీసి, తంగేడు చెక్కతోని తోలు పదును చేసి, కుట్టు మీద ఆముదం రాసేటోడు, చుక్క కారకుంట. ఆ నీళ్లతోని దొర పొలం పారింది. అదే బాయిల తాత కుండ ముంచనియ్యలే. ఆయిల్ ఇంజన్లు వచ్చినయి, మోట పోయింది. కానీ నీళ్లు ఎట్ల ఎక్కుతయో తెలిసిన ఆ చేతికి ఇంజన్ పాన ఎవరూ ఇయ్యలే.

మరమ్మతు విద్యను పట్టి ఉంచుకునుడు కంపెనీలకు కొత్త గాదు. విడిభాగాలు, బండి రోగం చూసే పరికరాలు బయటి మెకానిక్‌లకు అందనిస్తలేవని 2014 ఆగస్టుల కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల జరిమానా ఏసింది. తర్వాత అప్పీల్‌ల కొన్ని కంపెనీలకు తగ్గించిన్రు. 2022 డిసెంబర్‌ల కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది. మన ఉద్యమాలల్ల దీని గురించి ఒక్క మీటింగ్ పెట్టినమా? యూనిట్లు ఇయ్యాలని నేనే ధర్నాల కూసున్న. బండ్లు వచ్చినంక బానెట్ ఎత్తి చూసినోళ్లు మాలో ఒక్కరూ లేరు. ఈ తప్పు నాది కూడ.

ఆఖరి బిగింపు పిలగాడు చెయ్యలే, పాన తమ్ముని చేతికిచ్చిండు. మొదటి సెల్ఫ్‌కే ముల్లు లేచింది. వాడలంత తిప్పి, వేడి చేసి, బంద్ చేసి మళ్ల కొట్టిండు. మళ్ల లేచింది.

రాత్రి పదకొండుకు ఎనుమాముల నుంచి ఫోన్. "అన్నా, లైన్ల ఉన్న. నా ముందల ఒకాయన బండి స్టార్టయితలేదు. ముల్లు చూడమని చెప్పిన."

జై భీం.