తమ్ముడే తాతయ్య!

పాప రెండో తరగతిలో ఉన్నప్పుడు ఇంటికో కుక్కపిల్ల వస్తుంది. అప్పుడది ఆ ఇంటికి ఆఖరి బిడ్డ. పాప పదో తరగతికి వచ్చేసరికి అది అమ్మానాన్నల వయసు దాటేస్తుంది. ఇంటర్ పూర్తయ్యేనాటికి తాతయ్యకు జోడీ అయిపోతుంది. ఉండేది ఒకే ఇంట్లో... నడిచేది మాత్రం వేరే క్యాలెండర్‌లో! ఆ క్యాలెండర్ చదవడం వస్తే పెంపుడు నేస్తాన్ని మనం చూసే తీరే మారిపోతుంది.

'మా టామీకి ఆరేళ్లు. అంటే ఏడార్లు నలభై రెండు!' అని వేళ్ల మీద లెక్క చెప్పేస్తుంటారు చాలామంది. మనిషికి డెబ్భై ఏళ్లు, కుక్కకు పదేళ్లు అనుకుంటే ఒకటికి ఏడు చొప్పున సరిపోతుంది. గుర్తుపెట్టుకోవడం తేలిక కాబట్టి ఆ లెక్క అలా నిలిచిపోయింది. కానీ ఒక్క విషయం ఆలోచించండి. చాలా ఆడకుక్కలు ఏడాది నిండకుండానే ఎదకు వస్తాయి. ఏడో ఎక్కం ప్రకారం చూస్తే అవింకా ఒకటో తరగతి పిల్లలే! లెక్క ఎక్కడో తప్పుతోంది కదూ?

మొదట పరుగు... తర్వాత నడక

కుక్క వయసు ఏటా ఒకే వేగంతో పెరగదు. మొదట్లో పరుగు, ఆ తర్వాత నడక. పశువైద్యులు సాధారణంగా చెప్పే లెక్క ఇదీ... మధ్యరకం కుక్కకు మొదటి ఏడాది మనిషి వయసులో 15 ఏళ్లతో సమానం. రెండో ఏడాదికి మరో 9 కలపాలి. అంటే రెండేళ్లకే 24 ఏళ్ల కుర్రాడన్నమాట. అక్కడి నుంచి ఏడాదికి సుమారు 5 చొప్పున కలుపుకుంటూ పోవాలి. ఏడేళ్లకు 49, పదేళ్లకు 64. తొమ్మిదేళ్లు నిండాయంటే షష్టిపూర్తికి దగ్గరపడినట్టే!

2020లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాండియాగో పరిశోధకులు ఇంకాస్త లోతుకు వెళ్లారు. వయసుతోపాటు డీఎన్ఏ మీద చేరే రసాయనిక గుర్తుల్ని 104 లాబ్రడార్లలో పరిశీలించి, మనుషుల గుర్తులతో పోల్చారు. ఎనిమిది వారాల కూన, తొమ్మిది నెలల పసిబిడ్డ దాదాపు ఒకే దశలో ఉన్నట్టు తేలింది. ఇద్దరికీ పళ్లొచ్చే సమయం అదే! ఏడాది కుక్క మాత్రం ఏకంగా ముప్ఫై దాటేసింది. నాలుగేళ్లకు 53. ఆ తర్వాత వేగం తగ్గి, పన్నెండేళ్లకు 70 దగ్గరికి చేరింది. ఇది లాబ్రడార్ల లెక్క. అన్ని జాతులకూ అచ్చంగా ఇలాగే ఉండాలని లేదు.

పెద్ద ఒళ్లు... చిన్న ఆయుష్షు

ఎలుక కన్నా ఏనుగు ఎక్కువ కాలం బతుకుతుంది. కుక్కల్లో మాత్రం ఇది తలకిందులు. గుమ్మం నిండా కనిపించే గ్రేట్‌డేన్ బతికేది మామూలుగా 7 నుంచి 10 ఏళ్లు. ఒళ్లో ఇమిడిపోయే పొమేరియన్ 12 నుంచి 16 ఏళ్ల దాకా ఉంటుంది. అరచేతిలో పట్టే కూన ఏడాదిన్నర, రెండేళ్లలో యాభై కిలోలు దాటాలంటే ఒంట్లో కణాలు ఎంత వేగంగా పెరగాలి! ఆ వేగమే వృద్ధాప్యాన్నీ తొందరపెడుతుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. అందుకే పెద్దజాతి కుక్క ఆరేళ్లకే పెద్దమనిషి. చిన్నజాతిది అదే వయసులో ఇంకా నడివయసులోనే ఉంటుంది.

పిల్లి దారి వేరు. మొదటి రెండేళ్లకు దానికీ 24 ఏళ్లే. తర్వాత మాత్రం ఏడాదికి 4 చొప్పున కలపాలి. పదేళ్ల పిల్లి అంటే 56 ఏళ్ల పిన్నిగారన్నమాట! అమెరికాలోని టెక్సస్‌లో 1967లో పుట్టిన క్రీమ్‌పఫ్ అనే పిల్లి 2005 దాకా, 38 ఏళ్లు బతికి గిన్నిస్‌కెక్కింది. ఈ లెక్కన 168 ఏళ్లు! ఇక చిట్టి హ్యామ్‌స్టర్‌కు రెండు మూడేళ్లలోనే నిండు జీవితం అయిపోతుంది.

బద్ధకం కాదు... వయసు!

ఈ లెక్కలు సరదాకి మాత్రమే కాదు. 'ఏడేళ్లేగా, ఈమధ్య బాగా బద్ధకం పెరిగింది' అని విసుక్కునే ముందు, ఎదురుగా ఉన్నది యాభై ఏళ్ల ప్రాణి అని గుర్తొస్తే నోరు ఆగిపోతుంది. పిలిస్తే పలకకపోవడం పొగరు కాదు, చెవులు మందగించి ఉండొచ్చు. మెట్లెక్కనని మొరాయిస్తే మొండితనం కాదు, కీళ్ల నొప్పి కావచ్చు. ఎన్నడూ లేనిది ఇంట్లోనే మూత్రం పోస్తుంటే కోప్పడే ముందు డాక్టరుకు చూపించాలి.

కళ్లలో నీలిపొర కనిపించినా, నీళ్లు మరీ ఎక్కువగా తాగుతున్నా, తిండి మామూలుగానే తింటూ బరువు తగ్గుతున్నా, రాత్రిళ్లు దిక్కుతోచనట్టు తిరుగుతున్నా 'వయసైపోయిందిలే' అని వదిలేయకూడదు. వాటిలో చాలావాటికి మందులున్నాయి. ఏడేళ్లు దాటాక ఆర్నెల్లకోసారి పరీక్ష చేయించడం మేలు. మనకు ఆర్నెల్లంటే దానికి రెండేళ్లకు పైమాటే మరి! నొప్పిగా ఉందని ఇంట్లోని మాత్రలు మాత్రం వేయకూడదు. మనకు మామూలైన పారాసెటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది.

ఇంట్లో చేయదగ్గవీ ఉన్నాయి. నున్నటి టైల్స్ మీద ముసలి కాళ్లు జారతాయి. అది తిరిగే దారిలో పాత పట్టాలు పరిస్తే చాలు. నీళ్ల గిన్నె దగ్గర్లో పెట్టాలి. ఒక పెద్ద వాకింగ్‌కి బదులు రెండు చిన్నవి. తిండి తగ్గించి, ప్రేమ పెంచడం.

ముద్దుకి తెచ్చుకుని...

2003లో ఓ మొబైల్ కంపెనీ ప్రకటనలో పిల్లాడి వెంట బుడిబుడిగా నడిచిన పగ్‌ని చూసి ఎన్నో ఇళ్లలోకి పగ్‌లు వచ్చాయి. వాటి ఆయుష్షు 12 నుంచి 15 ఏళ్లు. అప్పుడు వాటిని ఎత్తుకుని ముద్దాడిన పదేళ్ల పిల్లలకు ఇప్పుడు ముప్ఫై దాటాయి. ఆ కూనలు మాత్రం బాల్యం, యవ్వనం, వృద్ధాప్యం అన్నీ ఆ ఇళ్లలోనే చూసి వెళ్లిపోయాయి. కూనను తెచ్చుకోవడమంటే ఓ ముసలి ప్రాణికి సేవ చేస్తామని ముందే మాటివ్వడం. ఆ మాట మర్చిపోయినవాళ్లే నడవలేని కుక్కను ఏ ఊరి చివరో వదిలేసి వస్తారు.

పిల్లల దగ్గరా ఈ లెక్క దాచక్కర్లేదు. 'ఊళ్లో తాతయ్య దగ్గరికి పంపించాం' లాంటి అబద్ధాలు ఎన్నాళ్లో దాగవు. 'మన బ్రూనో మనకన్నా వేగంగా పెద్దదవుతోంది నాన్నా' అని ముందునుంచీ చెబుతుంటే ఆ చిన్ని మనసు సిద్ధపడుతుంది. చాలామంది పిల్లలు వృద్ధాప్యాన్ని దగ్గరగా చూసేది, ముసలి ప్రాణికి అన్నం పెట్టడం నేర్చుకునేది అక్కడే. రేపు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గరా ఆ ఓపిక పనికొస్తుంది.

మనకో వారం గడిస్తే దానికి నెల గడిచినట్టు. నోట్లో బంతి పెట్టుకుని తోకాడిస్తూ వచ్చినప్పుడు 'వచ్చే ఆదివారం ఆడుకుందాంలే' అని పంపేస్తుంటాం. మనం వాయిదా వేసింది వారమే... అది ఎదురుచూడాల్సింది నెల!