మొరం గుంతలే పురిటిళ్లు!

పటాన్‌చెరు పేరు వినగానే ఏం గుర్తొస్తుంది? పొగగొట్టాలు, లారీల బారులు, ముక్కు మూసుకుని దాటాల్సిన వాగు... అంతేగా! అదే దారిలో పక్షుల పురిటిళ్లు ఉన్నాయంటే నమ్ముతారా?

ఏప్రిల్‌లో ఓ ఆదివారం పొద్దున్నే బీరంగూడ కమాన్ దగ్గర జాతీయ రహదారి వదిలి అమీన్‌పూర్ వైపు మళ్లాం. కొత్త అపార్ట్‌మెంట్లు దాటగానే బండరాళ్ల మధ్య పెద్దచెరువు. కుతుబ్‌షాహీల కాలం నాటిది. 2016 నవంబరులో దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. నగరాన్ని ఆనుకుని ఉన్న చెరువుకు ఆ గుర్తింపు రావడం దేశంలో అదే మొదటిసారి.

చలికాలంలో ఇక్కడ కెమెరాల సందడే సందడి. రాజహంసలు దిగాయంటే పేపర్లో ఫొటో పడాల్సిందే. జనవరిలో నీటిపక్షుల్ని లెక్కపెట్టడం దేశమంతటా ఉన్నదే. మన దగ్గర 1980లో ఆంధ్రప్రదేశ్ పక్షి వీక్షకుల సంఘంగా మొదలై, ఇప్పుడు డెక్కన్ బర్డర్స్‌గా కొనసాగుతున్న బృందానికి ఇలాంటి లెక్కల్లో చాలా అనుభవం ఉంది.

అయితే చలికాలపు చుట్టం నాలుగు రోజులు తిని వెళ్లిపోతుంది. గుడ్డు పెట్టే పిట్టకు అలా కుదరదు. వారాల తరబడి భద్రంగా ఉండే చోటు కావాలి. నేల ఆరోగ్యం తెలియాలంటే పిట్టల్నే కాదు, గూళ్లనూ లెక్కపెట్టాలి.

ఆ గూళ్లు ఎక్కడున్నాయో తెలుసా? మనం తవ్వి వదిలేసిన గుంతల్లో! మొరం తీసిన చోట మిగిలిన నిటారు మట్టిగోడకు అరచేతిలో పట్టేంత బొరియలు. ఆకుపచ్చ పసిరిక పిట్ట ముక్కుతో తవ్వుకున్న సొరంగాలవి. కొన్ని మీటరుకు పైగా లోపలికి పోతాయి. లకుముకి పిట్ట కూడా ఇలాంటి గట్లలోనే గుడ్లు పెడుతుంది. రాళ్లు తీసేసిన క్వారీ అంచుల్లో పెద్ద గుడ్లగూబ కాపురం పెడుతుంది.

తీతువుకైతే గోడ కూడా అక్కర్లేదు. కంకరలోనే నాలుగు గుడ్లు. పక్కనే నిలబడ్డా కనపడవు, రాళ్లలో కలిసిపోతాయి. ఎండ ముదిరితే తల్లి నీళ్లలో పొట్ట తడుపుకొచ్చి వాటి మీద కూర్చుంటుంది. ఎయిర్‌కూలర్ కిటుకు దానికెప్పుడో తెలుసు!

చిక్కంతా ఇక్కడే. గుంతను బాగు చేయడమంటే మనకు తెలిసింది పూడ్చేయడమే. కూల్చిన ఇళ్ల చెత్త పోసి, చదును చేసి, ప్లాట్లు గీస్తారు. ఆ పని వేసవిలోనే జరిగితే సొరంగంలోని పిల్లలు అక్కడే సమాధి. ఇంగ్లండ్‌లో ఇసుక క్వారీల గోడల్లో శాండ్ మార్టిన్ పిట్టలు గూళ్లు పెడతాయి. అవి పొదిగే కాలంలో ఆ గోడను తవ్వకుండా వదిలేయడం అక్కడ అలవాటు. గుంతంతా వదలక్కర్లేదు, ఒక్క గోడ వదిలితే చాలు.

కాపలా ఉంటే ఏమవుతుందో చూడాలంటే సంగారెడ్డి దాకా వెళ్లండి. 1978లో అభయారణ్యమైన మంజీర జలాశయంలో లంకల మీది చెట్లపై కొంగలు, నీటికాకులు గుంపులుగా పిల్లల్ని పెంచుతాయి. హైదరాబాద్‌కు తాగునీరిచ్చే జలాశయం కూడా అదే. ఇటు పటాన్‌చెరు నక్కవాగు మంజీరకు ఉపనది. ఆ వాగు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో మందుల అవశేషాలు భారీగా ఉన్నాయని 2007లో స్వీడన్ పరిశోధకులు బయటపెట్టారు. అభయారణ్యానికి గేటుంది, మనిషి ఉన్నాడు. మొరం గుంతకు ఎవరున్నారు?

మీరూ ఉండొచ్చు. వారానికోసారి అదే వేళకు, అదే చోటు నుంచి చూడండి. ఎన్ని బొరియలు, ఏ తేదీన తల్లి మేత తెచ్చింది, ఎప్పుడు పిల్లలు ఎగిరాయి... పిల్లల నోట్‌బుక్‌లో రాయించండి. దూరంగానే ఉండాలి సుమా! ఫొటో కోసం దగ్గరికెళితే తల్లి గూడు వదిలేసే ప్రమాదం ఉంది.

తిరిగొస్తుంటే ఒక తీతువు మా తలల మీదే తిరుగుతూ గోల పెట్టింది. గుడ్లు దగ్గర్లోనే ఉన్నాయన్నమాట. కళ్లు నేల మీదే పెట్టి, ఒక్కో అడుగూ చూసి వేస్తూ బయటపడ్డాం. అవతల టిప్పరొకటి మట్టి దించుతోంది... దానికి ఆ అరుపు వినపడదు.