చెవి కోసం కొనాల్సిన గొట్టం

డాలస్ శివార్లలో తుపాకులు బాగుచేసే ఒక షెడ్డుకు మా అన్నయ్య వెంట వెళ్లాను. గ్రీన్‌కార్డు వచ్చాక అడవిపందుల వేటకని అన్నయ్య .308 రైఫిల్ కొన్నాడు. ఇప్పుడు దానికి చప్పుడు తగ్గించే సప్రెసర్ కావాలి.

షెడ్డు యజమాని ముందుగా నిలువునా కోసిన పాత సప్రెసర్ ఒకటి బల్ల మీద పెట్టాడు. లోపల గరాటుల్లాంటి లోహపు తెరలు వరసగా, మసిపట్టి ఉన్నాయి. తూటా వెనకే తన్నుకొచ్చే వేడి వాయువు ఈ అరల్లో పరుచుకుని, చల్లబడి, వేగం తగ్గి బయటికి పోతుంది. హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1909లో పేటెంట్ పొందిన నాటి నుంచీ సూత్రం ఇదే.

"ఇది బిగిస్తే ఇక చప్పుడే ఉండదా?" అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇలాంటి రైఫిల్ పేలుడు 160 డెసిబెల్స్ దాటుతుంది. సప్రెసర్ అందులో 20 నుంచి 35 దాకా తగ్గిస్తుంది. 140 దాటిన పేలుడు ఒక్కటి చాలు, వినికిడి శాశ్వతంగా దెబ్బతినడానికి. ధ్వని కంటే వేగంగా పోయే తూటా గాలిని చీల్చే చప్పుడు మాత్రం ఏ గొట్టం పెట్టినా పోదు.

అన్నయ్య రెండు రకాలు బిగించి భుజానికెత్తి చూశాడు. స్టీలుది పెడితే బ్యారెల్ కొస కిందికి లాగింది. టైటానియంది తేలిక, ధర ఎక్కువ. రోజంతా మోసుకుంటూ నడిచి, ఒకటి రెండు తూటాలే కాల్చే వేటగాడికి అదే నయమన్నాడాయన. పెట్టె మీది డెసిబెల్ అంకెకన్నా బరువు, పొడవు, బ్యారెల్ మరకు కుదరడం ముఖ్యమని నాకూ అక్కడే బోధపడింది.

బిగించాక ఆయన బ్యారెల్‌లోకి సన్నని ఉక్కు కడ్డీ దూర్చాడు. సప్రెసర్ కొసన కడ్డీ చుట్టూ ఖాళీ సమానంగా కనిపించాలి. ఒక పక్కకి ఒరిగితే తూటా లోపలి తెరలకు తగులుతుంది. సప్రెసర్ బిగిస్తే తూటా లక్ష్యానికి తగిలే చోటు కూడా కాస్త మారుతుంది కాబట్టి గురి మళ్లీ సరిచూసుకోవాలి.

సప్రెసర్ మీద 1934 నుంచి ఉన్న 200 డాలర్ల పన్ను 2026 జనవరిలో సున్నా అయింది. వేలిముద్రలు, ఫొటో, ఫెడరల్ అనుమతి మాత్రం తప్పవు. వీసా మీద ఉన్నవారికి తుపాకుల విషయంలో వేరే ఆంక్షలున్నాయి, ముందే లాయరును అడగండి.

సప్రెసర్ ఉన్నా చెవులకు మఫ్స్ పెట్టుకోండి. పోయిన వినికిడి తిరిగిరాదు.