సగం సంచి ఒక్కడికే

2023 అక్టోబరులో ప్రో కబడ్డీ వేలం చూస్తూ మా వారూ, మా అబ్బాయీ ఎగిరి గంతేశారు. తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నదట. నాకు లెక్క కుదరలేదు. జట్టు మొత్తానికీ ఉన్నది 5 కోట్లు. నెల డబ్బుల్లో సగం పెట్టి వంజరం తెచ్చి, పులుసులోకి చింతపండు అప్పడిగినట్టు లేదూ? ఆ మాటంటే ఇద్దరూ నవ్వారు.

పవన్ బాగానే ఆడాడు, పాపం. అతను ఔటై బయట కూర్చుంటే ఆదుకునేవాళ్లే తక్కువ. పట్టులోనూ బలం లేదు. 22 ఆటల్లో రెండే గెలిచి అట్టడుగున మిగిలారు. 2025లో పవన్ లేడు. భరత్ హుడాను 81 లక్షలకు తెచ్చుకుని, విజయ్ మలిక్ కెప్టెన్‌గా ప్లేఆఫ్స్‌కి వెళ్లారు. నాకైతే ఇదే మంచి బేరం.

మా పాప బడి జట్టులో కార్నర్. కూతకొచ్చినవాళ్ల కాళ్లు పట్టి మోచేతులు చెక్కుకుపోతాయి. చప్పట్లు మాత్రం కూతకెళ్లే పిల్లకే. మొన్న కొబ్బరినూనె రాస్తుంటే, "అమ్మా, వేలంలో నాకెంత పెడతారే?" అంది.

టీవీలో చూసే ఆ వేలంలో ఆడపిల్లల పేర్లే ఉండవని దానికింకా తెలీదు. "ముందు చెయ్యి కదపకు" అన్నాను.